విరాళాల క్రెడిట్ కార్డు: కొన్నేళ్లు వాడాక నా లెక్క

శ్రీకాకుళంలో ఉంటాను, హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఖర్చు మీద వచ్చే రివార్డు పాయింట్లను పిల్లల చదువు చూసే సంస్థకు ఇచ్చేసే వీలున్న క్రెడిట్ కార్డు ఒకటి కొన్నేళ్లుగా వాడుతున్నాను. తీసుకోవచ్చా అని తోటి టీచర్లు అడుగుతూ ఉంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నా కార్డులో వంద రూపాయల ఖర్చుకి ఒక పాయింటు, పాయింటు విలువ పావలా. ఏడాదికి లక్షన్నర వాడితే 1,500 పాయింట్లు. అంటే పిల్లలకు చేరేది 375 రూపాయలు. వార్షిక ఫీజు 499, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు 589. ఏడాదిలో లక్ష దాటితే ఫీజు మాఫీ కాబట్టి నాకు సరిపోయింది. అదే డెబ్భై వేలు వాడేవాళ్లయితే విరాళం 175 రూపాయలే. బ్యాంకుకు కట్టేది దానికి మూడింతల పైమాటే.

వడ్డీ సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. నా కార్డుకి నెలకు మూడున్నర శాతం. ఇరవై వేలు వచ్చే నెలకు తోస్తే వడ్డీ 700, దానిపై జీఎస్టీ 126. రెండేళ్ల విరాళం కంటే అదే ఎక్కువ. మినిమం డ్యూ (బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం) కట్టాం కదా అని ఊరుకోడానికి లేదు. పాత బాకీ మిగిలితే కొత్తగా కొన్నవాటికీ కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. జీతం పడగానే మొత్తం బిల్లు కట్టేసే అలవాటు లేనివాళ్లు దీని జోలికి పోవద్దు. సేవ పేరు మీద ఇంట్లో అప్పు పెరగడం నాకు అస్సలు నచ్చదు.

మన ఊళ్లో ఇంకో చిక్కుంది. సంక్రాంతికి ఏడు రోడ్ల కూడలి దగ్గర బట్టలు కొని కార్డు తీస్తే, కౌంటర్లో అబ్బాయి "మాస్టారూ, కార్డయితే రెండు పర్సెంటు ఎగస్ట్రా పడతాది, ఫోన్‌పే కొట్టీండి" అన్నాడు. పది వేల బిల్లుకి 200 అదనం, దానిమీద విరాళం 25 రూపాయలు. ఫోన్‌పేయే కొట్టాను. నాది వీసా కార్డు, యూపీఐకి కలపడం కుదరదు. రూపే క్రెడిట్ కార్డులకే ఆ వీలుంది. అందుకే కరెంటు బిల్లు, రైలు టికెట్లు, ఆన్‌లైన్ కొనుగోళ్లకే దీన్ని ఉంచాను. పెట్రోలుకి పాయింట్లు రావు.

మంచి కూడా చెప్పాలి. గిఫ్ట్ వోచర్ తీసుకుంటే 99 రూపాయలు, పైన జీఎస్టీ కోస్తారు. విరాళానికి ఒక్క పైసా తీయరు. యాప్‌లో రెండు నొక్కుల్లో పనైపోతుంది. గడువు తీరి వృథా అయ్యే పాయింట్లు ఎవరికో ఒకరికి పనికొస్తాయి.

కానీ బ్యాంకు ఇచ్చిన జాబితా బయట ఎవరికీ ఇవ్వలేం. జాబితాలో ఉన్నవన్నీ పెద్ద నగరాల సంస్థలే. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఎన్ని ఇళ్లు చితికిపోయాయో మా జిల్లాలో ఎవరిని అడిగినా చెబుతారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి, మంచిదే. అయినా డయాలసిస్‌కి వారంలో రెండు మూడు సార్లు వెళ్లే మనిషికి ఆటో చార్జీలు, పోయిన కూలి ఎవరిస్తారు? నా డబ్బు అక్కడికి వెళ్లాలని నా కోరిక. ఈ కార్డుతో అది జరగదు.

పన్ను విషయం కూడా చూసుకోండి. పాయింట్ల విరాళానికి నా పేరుమీద రసీదు రాలేదు. పన్ను శాఖ ఆమోదం ఉన్న సంస్థకు నేరుగా ఇస్తే విరాళాలకుండే పన్ను మినహాయింపు అడగొచ్చు, అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే. 2,000 దాటిన విరాళం నగదుగా ఇస్తే లెక్కలోకి రాదు. సంస్థ నుంచి విరాళం ధ్రువపత్రం తప్పకుండా అడిగి తీసుకోండి.

ఇప్పుడు ఉద్దానం రోగులకు సాయం చేసే ఒక ట్రస్టుకి నెలకు 300 రూపాయలు నా ఖాతా నుంచి నేరుగా వెళ్లేలా పెట్టాను. కార్డు ఏడాదికి పంపేదానికి అది తొమ్మిది రెట్లకు పైనే. కార్డు ఇంకా నా దగ్గరే ఉంది. ఈ ఏడు ఖర్చు లక్ష దాటకపోతే, ఫీజు పడేలోపే మూసేస్తాను.