ఆర్‌సీ విమానాలకు స్కీలు కొంటున్నారా? ఈ సెట్ జోలికి వెళ్లకండి

చలికాలంలో మంచు మీద చిన్న ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే) విమానం ఎగరేద్దామని ఆన్‌లైన్‌లో స్కీల కోసం, అంటే చక్రాల బదులు తగిలిస్తే మంచు మీద జారే పలకల కోసం, వెతుకుతున్నవాళ్లు కాస్త ఆగండి. "ఏ విమానానికైనా సరిపోతాయి, చక్రాలు తీసి ఇవి తగిలిస్తే చాలు" అని ఊదరగొడుతూ అమ్ముతున్న ప్లాస్టిక్ సెట్ ఒకటి తెప్పించాను. ఫొటోలో ముచ్చటగానే ఉంది. చేతికొచ్చాక చూస్తే ముందు కొసకి రబ్బరో స్ప్రింగో తగిలించే కొక్కెం లేదు, వెనక దారం కట్టడానికి చిల్లూ లేదు.

ఇది చిన్న లోపం కాదు. చక్రం ఎటు తిరిగినా చక్రమే, స్కీ అలా కాదు కదా. పట్టి ఉంచేది ఏదీ లేకపోతే గాల్లో దాని ముక్కు కిందికి వాలిపోతుంది, దిగేటప్పుడు నేరుగా మంచులో గుచ్చుకుంటుంది. అందుకే ముందు రబ్బరు కొసను పైకి లాగి ఉంచాలి, మరీ పైకి లేవకుండా వెనక దారం ఆపాలి. పైగా నా విమానం యాక్సిల్ (చక్రాల ఇరుసు) 3 మి.మీ. తీగ, వీళ్ల స్కీకి 4 మి.మీ. రంధ్రం, బిగించడానికి ఒకే ఒక్క స్క్రూ. ఇంకేముంది, మొదటి ల్యాండింగ్‌లోనే బొక్కబోర్లా పడింది, ప్రొపెల్లర్ పోయింది. స్కీ యాక్సిల్ దూరే బొడిపె దగ్గరే విరిగింది, లోపలంతా డొల్ల. చలికి పెళుసెక్కే ప్లాస్టిక్‌తో మంచు సామాను చేయడమేంటో!

అమ్మినవాడికి ఫొటోలు పంపితే మంచులో వాడిన సరుకు వారంటీ కిందకి రాదన్నాడు. స్కీలను మంచులో కాక ఇంకెక్కడ వాడతారండీ?

కొనేముందు అడుగు భాగం ఫొటో అడగండి. పొడవునా సన్నటి గట్టు లేకపోతే రన్నింగ్‌లో విమానం పక్కకి జారిపోతుంది, గరుకుగా ఉంటే మంచు అంటుకుంటుంది. బరువు, రంధ్రం సైజు, తోక చక్రానికీ స్కీ ఇస్తున్నారా లేదా, అన్నీ రాతపూర్వకంగా చెప్పించుకోండి. అదే సెట్‌తో కలిపి "చలికి తట్టుకునే" లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ కూడా అంటగడుతున్నారు, అది మామూలు లిపోనే. చలికి దాని వోల్టేజీ పడిపోతుంది, ఎగరేసేదాకా లోపలి జేబులో వెచ్చగా పెట్టుకోవాల్సిందే, 0 డిగ్రీల కన్నా తక్కువలో ఛార్జింగ్ మాత్రం పెట్టొద్దు.

నా రివ్యూ తీసేశారు. ఇప్పుడు అదే సరుకు వేరే రంగులో, వేరే పేరుతో కనిపిస్తోంది. ముందు కొస నున్నగా ఉండి, యాక్సిల్ దగ్గర ఒక్కటే స్క్రూ ఉంటే అదే ఇది.