ఐసింగ్‌లో ఎగరడానికి ఏ చిన్న విమానం కొనాలి: ఒక మెకానిక్ రివ్యూ

2022లో జయపురం ఎయిర్‌స్ట్రిప్‌కి తొమ్మిది సీట్ల సెస్నా కారవాన్ రావడం మొదలైనప్పటి నుంచి కొరాపుట్, సునాబేడ, సెమిలిగుడ వైపు మన తెలుగువాళ్ళకి చిన్న విమానాల మీద ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది, అదేంటంటే చలికాలం వస్తే ఇవి పనికిరావు అని. పొద్దున్నే పొగమంచు పట్టి ఫ్లైటు లేటయితే చాలు, "చిన్నది కదండీ, మంచులో ఏం ఎగురుతుంది" అనేస్తారు. అసలు ఆ రెండిటికీ సంబంధమే లేదు. పొగమంచులో రన్‌వే కనపడక ఆగుతారు, అంతే. ఐసింగ్ అంటే మేఘంలో ఉన్న నీటి తుంపర రెక్కకి తగిలి అక్కడికక్కడే గడ్డకట్టడం. మన కొండల మీద చలికాలంలో కూడా గాలి సున్నా డిగ్రీలకి దిగాలంటే దాదాపు నాలుగు కిలోమీటర్లకి పైన ఎగరాలి, జయపురం నుంచి వైజాగ్ వెళ్ళడానికి అంత ఎత్తుతో పనేముంది?

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నేను సునాబేడ ఇంజన్ల ఫ్యాక్టరీ కాలనీలో పెరిగి, తర్వాత కెనడాలో మానిటోబా వైపు ఒక హ్యాంగర్‌లో చిన్న విమానాలకి మెకానిక్‌గా చేసి తిరిగొచ్చినవాణ్ణి. ఇప్పుడు అక్కడే ఉన్న మా మేనల్లుడు ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక సెకండ్‌హ్యాండ్ విమానం కొందామని, "మావయ్యా, చలికాలంలో ఆపకుండా తిప్పాలి, ఏది కొనమంటావ్" అని ఫోన్ మీద ఫోన్. వాడికి చెప్పిందే కాస్త విడమరిచి ఇక్కడ పెడుతున్నాను.

మొదట ఒక విషయం. చలి వేరు, ఐసు వేరు. మైనస్ 30 ఉన్న రోజున ఆకాశం తళతళలాడుతుంటుంది, గాలిలో తేమే ఉండదు, రెక్క మీద పేరుకునేది పెద్దగా ఏమీ ఉండదు. భయపడాల్సింది సున్నాకీ మైనస్ 20కీ మధ్య మేఘాలకి, అంటే చలికాలం రాబోయే ముందు, పోబోయే ముందు. మైనస్ 30 రోజున తంటా అంతా ఇంజన్‌ది. రాత్రంతా హీటర్ పెట్టకుండా పొద్దున్నే పిస్టన్ ఇంజన్ తిప్పితే లోపల ఆయిల్ గ్రీజులా ఉండి బేరింగులు అరిగిపోతాయి. ఇంకోటి చాలామంది చూడరు, క్రాంక్‌కేస్ బ్రీదర్ ట్యూబ్. ఇంజన్ కింద నుంచి వేలాడే సన్నటి గొట్టం, లోపలి ఆవిరి దాన్లోంచే బయటికి పోతుంది. చలికి ఆ ఆవిరి గొట్టం చివర గడ్డకట్టి మూసుకుపోతే లోపల ప్రెషర్ పెరిగి ముందువైపు సీలు ఎగిరిపోతుంది, ఆయిలంతా విండ్‌షీల్డ్ మీదకి వస్తుంది. అందుకే ఆ గొట్టానికి కాస్త పైన, వెచ్చగా ఉండే చోట, చిన్న చీలిక పెడతారు. కొనేముందు టార్చి వేసుకుని అది ఉందో లేదో, మురికి పట్టి మూసుకుపోయిందో చూడండి. చీలిక కోసిన పాపాన పోకుండా కొత్త గొట్టం తగిలించిన విమానాలు నా చేతి మీదుగా వెళ్ళాయి.

ఇక ఐసింగ్. అమ్మేవాళ్ళ యాడ్‌లో "ఐస్ ప్రొటెక్షన్ ఉంది" అని ఉంటే నమ్మేయకండి. రెండు రకాలున్నాయి. ఒకటి, ఐసింగ్ ఉందని తెలిసే వెళ్ళడానికి సర్టిఫై చేసినది, దీన్నే ఫికీ అంటారు. రెండోది, పొరపాటున ఇరుక్కుంటే బయటపడే దాకా కాపాడటానికి పెట్టినది. బయట నుంచి చూస్తే రెక్కలు రెండిటివీ ఒకేలా ఉంటాయి. తేడా అంతా మాన్యువల్‌లో, ఐసుని ఆపే ద్రవాన్ని తోసే, వెనక దాగున్న రెండో పంపులో, రెక్క పట్టు తప్పబోతుంటే హెచ్చరించే, వేడెక్కే స్టాల్ సెన్సర్‌లో ఉంటుంది. మా హ్యాంగర్‌కి ఒక బ్రోకర్ "ఫుల్ ఐసింగ్ మెషీన్" అని ఒకదాన్ని పంపాడు, పుస్తకం తెరిస్తే తెలిసి ఐసింగ్‌లోకి వెళ్ళడం నిషేధం అని అచ్చేసి ఉంది. అప్పటికే కొన్నాయన అడ్వాన్సు కట్టేశాడు, అది ఇప్పించుకోవడానికి ఆయన పడ్డ టెన్షన్ నేను చూశాను.

సర్టిఫికేట్ ఉన్నా గడ్డకట్టే వానలోకి వెళ్ళమని ఎవరూ చెప్పరు. 1994 అక్టోబరు 31న అమెరికాలో రోజ్‌లాన్ దగ్గర ఏటీఆర్-72 అనే ప్రయాణికుల విమానం కూలి 68 మంది పోయింది అలాగే, పెద్ద చుక్కలు ఐసుని పగలగొట్టే రబ్బరు తొడుగుల్ని, అంటే బూట్లని, దాటి వెనక గట్టులా పేరుకున్నాయి. అది మన చిన్న విమానాలకన్నా ఎంతో పెద్దది, సర్టిఫై అయినదే.

ఆ బూట్ల సంగతి. రెక్క ముందంచు మీద అతికించిన నల్ల రబ్బరు తొడుగు, గాలి ఊదితే ఉబ్బి ఐసుని పగలగొడుతుంది. బరువు తక్కువ, ఎంతసేపైనా పనిచేస్తుంది. కానీ రబ్బరు రబ్బరే. ఎండకి బీటలు, గులకరాళ్ళకి సూదిబెజ్జాలు. కొనేముందు గ్లవ్స్ తీసి అరచేత్తో మొత్తం తడమండి, ప్యాచీలు తగిలితే లెక్కపెట్టండి, ఎక్కువుంటే ధర తగ్గించమనండి, బూట్లు మార్చడం చవక పని కాదు. అర అంగుళం ఐసు పేరేదాకా ఆగి ఊదాలని ఇంకా చెప్పే పాత పైలట్లున్నారు. ఇప్పటి బూట్లకి అది అక్కర్లేదు, ఐసు కనపడగానే ఆన్ చేయాలి.

రెండోది టీకేఎస్. రెక్క అంచున టైటానియం పలక, దానికి లేజర్‌తో వేసిన కంటికి ఆనని రంధ్రాలు, వాటిలోంచి గ్లైకాల్ ద్రవం జీలుగు గెల నుంచి కల్లు ఊరినట్టు ఊరుతూ వెనక్కి పాకుతుంది. రెక్కంతా తడిసి ఉంటుంది కాబట్టి ఐసు అతుక్కోదు. నాకు ఇదే ఇష్టం. ఇబ్బందులూ లేకపోలేదు. ద్రవం అయిపోతే అంతే సంగతులు, లీటరు కిలో పైనే తూగుతుంది కాబట్టి ట్యాంకు నింపితే ఒక సూట్‌కేసు ఇంట్లో వదలాలి, హ్యాంగర్ నేలంతా జిడ్డు. ఎండాకాలమంతా వాడకుండా వదిలేస్తే పలకల్లో పొడి మచ్చలు పడతాయి, పంపు ఆన్ చేసినా అక్కడ చెమ్మ రాదు. అందుకని కొనేముందు నేల మీదే పంపు వేయించి, పలక ఈ చివర నుంచి ఆ చివరదాకా తడిసేదాకా కదలకుండా నిలబడండి.

ఇక మోడళ్ళు. మనకి తెలిసిన కారవాన్‌తోనే మొదలుపెడతాను. సరుకుకీ, మట్టి రన్‌వేకీ దీన్ని మించింది నేను చూడలేదు. ఐసింగ్‌లో మాత్రం పేరు మంచిది కాదు. పైన రెక్క, దాన్ని పట్టి ఉంచే స్ట్రట్లు, ఎప్పుడూ కిందే ఉండే చక్రాలు, పొట్ట కింద సరుకు పెట్టె, ఐసు పేరడానికి కావలసినన్ని చోట్లు. 2004 జనవరి 17న కెనడాలో పీలీ ఐలాండ్ నుంచి లేచిన కారవాన్ ఈరీ సరస్సులో పడి పదిమంది చనిపోయారు, రెక్క మీద ఐసు, పైగా మోయాల్సిన దానికన్నా ఎక్కువ బరువు. ఆ తర్వాత అమెరికా వాళ్ళు రూల్సు బిగించారు, చలిలో బయల్దేరే ముందు రెక్కని కంటితో చూస్తే చాలదు, చేత్తో తడమాలి, ఐసింగ్‌లో వేగం 120 నాట్లకి తగ్గకూడదు. తర్వాత టీకేఎస్ ఆప్షన్ వచ్చాక పరిస్థితి బాగుపడింది. బూట్లున్న పాత కారవాన్ చలిదేశంలో వ్యక్తిగత వాడకానికి మాత్రం నేను కొనమనను.

సిరస్ ఎస్ఆర్22కి 2009లో ఫికీ టీకేఎస్ వచ్చింది. టర్బో ఉన్న ఎస్ఆర్22టీ 25,000 అడుగుల దాకా ఎక్కగలదు, అంటే చాలాసార్లు మేఘం పైకి తేలిపోవచ్చు, ఐసింగ్‌లో అసలైన ప్రాణరక్ష ఆ ఎక్కే శక్తే. మొత్తం విమానాన్నే కిందకి దించే పారాచూట్ కూడా ఉంది, ఇంట్లో ఆడవాళ్ళు ఒప్పుకునేది దాన్ని చూసే. లోపం ఏంటంటే క్యాబిన్‌లో గాలి ఒత్తిడి నిలిపే ప్రెషరైజేషన్ లేదు, అంత ఎత్తున ముఖానికి ఆక్సిజన్ మాస్క్ తగిలించుకు కూర్చోవాలి. కొత్తది పది లక్షల డాలర్లు దాటేసింది.

డైమండ్ డీఏ42, డీఏ62 రెండింజన్లవి, టీకేఎస్ ఫికీతో దొరుకుతాయి, జెట్ ఫ్యూయల్‌తో నడుస్తాయి. పెట్రోలులాంటి అవ్‌గ్యాస్ దొరకని మారుమూల ఊళ్ళకి ఇది చాలా పెద్ద లాభం. కానీ రెండింజన్లున్నాయని గుండెమీద చెయ్యేసుకుని పడుకోవద్దు. రెక్క నిండా ఐసుతో ఒక ఇంజన్ ఆగితే మిగిలినది పైకి లాగుతుందని నేను హామీ ఇవ్వను.

పైపర్ ఎం350కి బూట్లు, ప్రెషరైజ్డ్ క్యాబిన్ రెండూ ఉన్నాయి, కాకపోతే ఒకే పిస్టన్ ఇంజన్‌ని అంత కష్టపెడుతుంటే మెకానిక్‌గా నా మనసు ఒప్పదు. పిలాటస్ పీసీ-12 గురించి రాయడానికేముంది, డబ్బుంటే అదే. 30,000 అడుగులు, టర్బైన్ ఇంజన్‌లోకి ఐసు పోకుండా పక్కకి తోసే సెపరేటర్, ఆస్ట్రేలియాలో ఫ్లయింగ్ డాక్టర్లు కూడా దాన్నే నమ్ముకున్నారు.

పాత సెస్నా 172 లాంటివి శిక్షణకే. వాటి గురించి మన ఏరియాకి పనికొచ్చే సంగతి ఒకటుంది, కార్బ్యురేటర్ ఐసింగ్. పెట్రోలు ఆవిరయ్యేచోట చల్లదనం ఎంతలా దిగుతుందంటే బయట 20 డిగ్రీలున్నా తేమ ఎక్కువైతే లోపల ఐసు కట్టి ఇంజన్ గొంతు పట్టేస్తుంది. రాయగడ, గుణుపురం వైపు వానాకాలపు గాలి దీనికి సరిగ్గా సరిపోతుంది. ఇంజన్ ఆర్‌పీఎం మెల్లగా జారుతుంటే ముందు కార్బ్ హీట్, అంటే కార్బ్యురేటర్‌లోకి వేడిగాలి పంపే మీట, లాగాలి.

ఏది కొన్నా ఒక పని మాత్రం మానొద్దు. రాత్రి బయట నిలిపిన విమానం రెక్క మీద పొద్దున పట్టే నూగులాంటి మంచు తుడవాలి. ఉప్పుకాగితం అంత గరుకు పొర ఉన్నా లిఫ్ట్, అంటే విమానాన్ని పైకెత్తే బలం, 30 శాతం దాకా తగ్గి, గాలి లాగుడు 40 శాతం దాకా పెరగొచ్చని అమెరికా ఏవియేషన్ శాఖే చెబుతుంది. దారింగ్‌బాడీలో తెల్లారి కార్ల అద్దాల మీద చూసేంత నూగు చాలు ఆ గరుకుకి.

మా వాడి బడ్జెట్‌కి నా ఓటు ఫికీ ఉన్న పాత ఎస్ఆర్22టీకి. వాడు కెనడా ఉత్తరాదికి, జెట్ ఫ్యూయల్ తప్ప ఏమీ దొరకని ఊళ్ళకి తిప్పేట్టయితే డీఏ62 అనేవాణ్ణి. ఎస్ఆర్22టీ ఒకటి చూశాడు, లాగ్‌బుక్ బాగానే ఉంది, బ్రీదర్ ట్యూబ్‌కి చీలిక ఉంది. పంపు ఆన్ చేసి పలకలు తడిసే వీడియో పంపమని అడిగించాను. అమ్మేవాడు ధర కొంచెం తగ్గిస్తానంటున్నాడు గానీ వీడియో మాత్రం ఇంకా పంపలేదు.