గీతల్లేని అద్దాలు, గీతలున్న మొహం

విజయవాడ గవర్నర్‌పేటలో ఓ పాత కళ్లద్దాల షాపులో ఈమధ్య ప్రోగ్రెసివ్ అద్దాలు చేయించుకున్నాను, అంటే దూరానికీ కంప్యూటర్‌కీ చదువుకోడానికీ గీత లేకుండా ఒకే అద్దం. ఫ్రేముతో కలిపి 11,200 రూపాయలు. 1989లో వన్‌టౌన్‌లో గుమాస్తాగా చేరినప్పుడు నా జీతం నెలకి 600. ఆ లెక్కన ఏడాదిన్నర పాటు తిండీతిప్పలూ మాని దాచాల్సిన డబ్బు ఇప్పుడు నా ముక్కు మీద కూర్చుని ఉంది. కాబట్టి దీని గురించి కాస్త వివరంగా రాసే హక్కు నాకుందనుకుంటున్నాను.

నా వయసు 57. వస్త్రలత మార్కెట్లో ఒక హోల్‌సేల్ బట్టల కొట్టులో లెక్కలు చూస్తాను. మా పనిలో కంటికి మూడు దూరాలు. లారీ రసీదు మూడో కాపీ మీద కార్బన్ అరిగిపోయి అంకె ఆరో ఎనిమిదో తెలియకుండా వస్తుంది, అది దగ్గర. జీఎస్టీ, ఈ-వే బిల్లు కంప్యూటర్లో, అది చేతి దూరం. మెట్లెక్కి వస్తున్నవాడు డబ్బిచ్చేవాడా అడిగేవాడా అన్నది వాడు కొట్టులో అడుగు పెట్టకముందే తెలియాలి, అది అసలు దూరం. ఇన్నాళ్లూ జేబులో ఒకటి, మెడలో తాడుకి ఒకటి, నెత్తి మీద ఒకటి పెట్టుకుని నెట్టుకొచ్చాను. నెత్తి మీది దాన్ని వెతకడానికి మెడలోది పెట్టుకునేవాణ్ణి.

చత్వారం ఎవరినీ వదలదు. కంటిలోపలి కటకం వయసుతోపాటు గట్టిపడి, దగ్గరి వస్తువు చూడాల్సినప్పుడు ఉబ్బాల్సినంత ఉబ్బదు. నలభై దాటాక మొదలై అరవై దాకా ముదురుతూనే ఉంటుంది. మొదట్లో పేపరు దూరంగా పట్టుకుంటే సరిపోయేది. తర్వాత చెయ్యి పొడవు చాల్లేదు. మాత్రల అట్ట మీద ఎక్స్‌పైరీ తేదీ చదివించుకోడానికి ఎదురింటి కుర్రాణ్ణి పిలిచే స్థితికి వచ్చాక డాక్టరు దగ్గరికి వెళ్తే, దగ్గరి చూపుకి ప్లస్ రెండుంబావు రాశాడు.

మా నాన్నకి బైఫోకల్ ఉండేది. అద్దం కింది భాగంలో అర్ధచంద్రాకారపు ముక్క, దాని పైన స్పష్టంగా గీత. ఆ ముక్కలోంచి నా ప్రోగ్రెస్ కార్డు చదివి, గీత దాటి పైభాగంలోంచి నన్ను చూసేవాడు. ఆ రెండు చూపుల మధ్య నేను వెనక గుమ్మం దాటిపోవాలి. గీత ఉండబట్టి ఆయన ఎక్కణ్ణుంచి చూస్తున్నాడో మాకు ముందే తెలిసేది, ఆ మేరకి అది పిల్లల పక్షం. ప్రోగ్రెసివ్‌లో ఆ గీత ఉండదు. షాపువాళ్ల అమ్మకపు మంత్రం కూడా అదే. "లైన్ కనపడదు కదంకుల్, మీ ఏజ్ ఎవరికీ తెలీదు" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. అంకుల్ అంటూనే.

వాడే ఇంకో ప్రశ్న వేశాడు. "మీ స్క్రీన్ టైమ్ ఎంతంకుల్?" ఫారంలో నింపాలట. 1986లో నన్నెవరైనా ఆ మాట అడిగి ఉంటే వారానికి అరగంట అని చెప్పేవాణ్ణి. శుక్రవారం చిత్రలహరి, అదీ పక్కింటివాళ్లు తలుపేసుకోకపోతే. గాంధీనగర్ హాళ్లలో మార్నింగ్ షోలు కూడా కలిపితే లెక్క మారుతుంది గానీ, అది నాన్నకే చెప్పనిది, ఈ కుర్రాడికెందుకు చెప్తాను? ఇప్పుడు పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిది దాకా కంప్యూటర్ ముందే. "పది గంటలు" అన్నాను. కుర్రాడు మెచ్చుకోలుగా చూశాడు. జీవితంలో ఒక కుర్రాడు నన్ను అలా చూడటానికి కారణం ఇదవుతుందని అనుకోలేదు.

ఇక సరుకు సంగతి. ఈ గీతల్లేని అద్దం మరీ కొత్తదేం కాదు. బెర్నార్ మెత్నాజ్ అనే ఫ్రెంచి ఇంజనీరు రూపొందించిన రకం 1959లోనే అమ్మకానికొచ్చింది, అంటే నాకన్నా తొమ్మిదేళ్లు పెద్దది. పైభాగం దూరానికి. కిందికి వచ్చేకొద్దీ పవరు కొంచెం కొంచెంగా పెరిగి అట్టడుగున చదువుకోడానికి. ఈ రెంటినీ కలుపుతూ నడిమధ్య ఒక సన్నటి దారి, కంప్యూటర్ చూడాల్సింది అందులోంచే. ఆ దారికి అటూ ఇటూ, కింది మూలల్లో, మసక. అది షాపువాళ్ల లోపం కాదు, గీత లేకుండా పవరు మార్చాలంటే వంకర ఎక్కడో ఒకచోట చేరక తప్పదు, దాన్ని పక్కలకి తోసేస్తారు. ఖరీదైన రకాల్లో ఆ దారి కాస్త వెడల్పు. నేను అన్నిటికన్నా చౌక రకమూ తీసుకోలేదు, కారు కొన్నంత రకమూ తీసుకోలేదు.

అయితే ఎంత మంచి అద్దమైనా కొలత తప్పితే దండగ. ఒక్కో కంటికి విడిగా, ముక్కు మధ్య నుంచి కనుపాప ఎంత దూరమో కొలవాలి. ఫ్రేము మొహానికి సరిగ్గా వంచి కూర్చోబెట్టాక, కనుపాప ఎదురుగా డమ్మీ అద్దం మీద మార్కరుతో చుక్క పెట్టాలి. మా కుర్రాడు ఫ్రేము బిగించకుండానే, అది ముక్కు మీద మరీ పైకెక్కి ఉండగానే చుక్క పెట్టేశాడు. తయారై వచ్చిన అద్దాలు పెట్టుకుంటే కంప్యూటర్ చూడాలంటే గడ్డం సీలింగుకేసి ఎత్తాల్సి వచ్చింది. మా కొట్టు యజమాని రెండు రోజులు చూసి, "ఏంటండీ, నామీద కోపమా?" అన్నాడు.

తిరిగి తీసుకెళ్తే ఈసారి లోపల్నుంచి నా ఈడు మనిషొకాయన వచ్చాడు. అద్దం మీద హా అని ఊపిరి వదిలి ట్యూబులైటుకేసి వాలుగా పట్టుకున్నాడు. ఆవిరి కమ్మిన అద్దం మీద, రెండు పక్కలా, చిన్న గుండ్రటి గుర్తులు బయటపడ్డాయి. చెవి వైపు గుర్తు కింద 225 అని నలకంత అంకె. అదే రెండుంబావు. ముక్కు వైపు గుర్తు కింద కంపెనీ ముద్ర. ఆవిరి ఆరగానే అన్నీ మాయం. అవి ప్రతి ప్రోగ్రెసివ్ అద్దంలోనూ చెక్కి ఉంటాయట, వాటిని పట్టుకుని స్కేలు పెడితే నడిమి దారి ఎక్కడ పడిందో తేలిపోతుంది. "నాలుగు మిల్లీమీటర్లు కిందికెళ్లింది మాస్టారూ, మార్చి ఇస్తాం" అన్నాడు. నేను మాస్టార్ని కాను. అయినా అంకుల్ తర్వాత ఆ పిలుపు హాయిగా ఉంది. డబ్బు అడగకుండా కొత్త జత చేయించి ఇచ్చారు. మీరు కొనేటప్పుడు కూడా ఇలా ఊపిరి వదిలి చూపించమనండి. ఇంకొకటి, ఫ్రేము మరీ సన్నగా, ఫ్యాషన్‌గా ఉంటే చదివే భాగం కోతలో పోతుంది, అద్దం ఎత్తు మూడు సెంటీమీటర్లకి తగ్గనివ్వకండి.

సరైన జత వచ్చాక కూడా మొదటి వారం గడ్డు వారమే. కళ్లు తిప్పడం కాదు, తల తిప్పాలి. 1980ల్లో డాబా మీద యాంటెన్నా తిప్పినట్టే, కొంచెం పైకి, కొంచెం ఎడమకి, ఆగాగు, అక్కడే ఉంచు, అని నా మెడకి నేనే చెప్పుకోవాల్సి వచ్చింది. వంటింట్లోంచి మా ఆవిడ "వచ్చిందా?" అని అరిచేది. ఆవిడకీ ఆ రోజులు గుర్తే. దుర్గమ్మ కొండ మెట్లు దిగేటప్పుడు మాత్రం నిజంగా భయమేసింది. కళ్లు మాత్రమే దించితే చదివే భాగంలోంచి మెట్టు కనపడుతుంది, అది ఉన్నచోట ఉండదు. "ఏవండీ, గడ్డం దించండి, గడ్డం" అని వెనకనుంచి ఆవిడ. తల మొత్తం వంచి దిగాను. చూసినవాళ్లు ఎంత వినయం, ఎంత భక్తి అనుకుని ఉంటారు.

పడుకుని టీవీ చూడటానికి ఇవి పనికిరావు. తలగడ మీద తల వాలిస్తే టీవీ చదివే భాగంలో పడుతుంది. దానికి పాత దూరపు జోడే.

లాభాల్లోకొస్తే, కొట్టులో పని తేలికైంది, ఆరూ ఎనిమిదీ విడిపోయాయి. కానీ అసలు లాభం ఇంట్లో జరిగింది. అద్దాలు పరీక్షిద్దామని అటక మీది ట్రంకుపెట్టె దించాను. అందులో నేను ఎస్సారార్ కాలేజీలో బీకాం చదివేటప్పుడు గుడివాడ నుంచి అమ్మ రాసిన ఇన్లాండు లెటర్లు. అమ్మ చోటు వృథా చెయ్యదు. మూడు పేజీలూ నిండాక అంచుల వెంబడి, ఆ తర్వాత జిగురు మడత లోపల అడ్డంగా, చీమతలకాయలంత అక్షరాలు. 1987 నాటి ఒక ఉత్తరం మడత కింద ఇప్పటిదాకా నేను చదవని ఒక వాక్యం దొరికింది. అరిసెల డబ్బా అడుగున కాగితం కింద 20 రూపాయలు పెట్టాను, మీ నాన్నతో అనకు, అని. ఆ డబ్బాలో అరిసెలు నేను తిని, అడుగున మిగిలిన నూపప్పుతో సహా డబ్బా రూమ్మేటుకి ఇచ్చేశాను. వాడు ఆ నెలలో నాకన్నా ఎక్కువ సినిమాలు ఎలా చూశాడో 57వ ఏట తెలిసింది. ఫోన్ చేసి అడిగితే, గట్టిగా నవ్వి, "వడ్డీతో ఇస్తాలే" అన్నాడు. లెక్కలవాణ్ణి, చక్రవడ్డీ వేసి వాట్సాప్‌లో పంపాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

అద్దంలో నా మొహం కూడా స్పష్టంగా కనపడుతోంది. దాని మీద రివ్యూ రాయను.

ఎవరు కొనుక్కోవచ్చంటే, నాలాగా రోజంతా దగ్గరా దూరమూ మారుతూ ఉండేవాళ్లు. ఒకేచోట కూర్చుని కంప్యూటర్ తప్ప వేరే చూడనివాళ్లు, దానికోసమే చేసే ఆఫీసు లెన్సులు అడగండి, నడిమి దారి వాటిలో చాలా వెడల్పు. కళ్లు తిరిగే జబ్బు ఉన్నవాళ్లు ముందు డాక్టరుతో మాట్లాడుకోండి. నేను అయిదుకి నాలుగు మార్కులు వేస్తాను. ఒకటి ఆ మొదటి చుక్కకి కోత.

మా ఆవిడకి కూడా ఇవే చేయిద్దామని షాపుకి తీసుకెళ్లాను. కుర్రాడు ఆవిడకీ అదే మంత్రం చదివాడు, లైన్ కనపడదు, ఏజ్ తెలీదు అని. "మా సత్యనారాయణపురంలో నా వయసు తెలియనిదెవరికి బాబూ? గీత ఉన్నదే ఇవ్వు" అంది. బైఫోకల్, ఫ్రేముతో కలిపి 1,900. తెచ్చిన రోజే సూదిలో దారం ఎక్కించి, ఊడిన నా చొక్కా గుండీ కుట్టిపెట్టింది.