సింధియాలో పైలట్ల పేర్లు కుట్టే దుకాణం

నౌకాదళంలో పైలట్‌గా ఉన్న మా మేనల్లుడి ఫ్లయింగ్ ఓవరాల్‌కు విశాఖపట్నం సింధియా ప్రాంతంలోని ఒక చిన్న యూనిఫారం దుకాణంలో రెండు నేమ్ ప్యాచ్‌లు కుట్టించాను. పని బాగుంది. తాము కుట్టే పేరు విలువ ఎరిగినవాళ్లు అక్కడ ఉన్నారు కనుక కొంత వివరంగా రాస్తున్నాను.

కొలతల కంటే ముందు యజమాని, "ఈ పేరు బాబుకి తోటి పైలట్లు పెట్టిందేనాండీ, ఇంట్లో అనుకుని రాయిస్తున్నారా?" అని అడిగారు. ఆ ప్రశ్న సరైనదే. సైనిక పైలట్ తన కాల్‌సైన్‌ను, అంటే రేడియోలో తోటివారు పిలిచే మారుపేరును, తానే ఎంచుకోవడం అరుదు. స్క్వాడ్రన్‌లోని, అంటే తన విమాన దళంలోని, వాళ్లు పెట్టినదే నిలుస్తుంది. 2025లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన గ్రూప్ కెప్టెన్ శుభాంశు శుక్లాకు ఇంటిపేరును కుదించగా ‘షక్స్’ వచ్చింది. 1971 డిసెంబరు 14న శ్రీనగర్ స్థావరంపైకి వచ్చిన పాకిస్తాన్ సేబర్ యుద్ధ విమానాలను చిన్న నాట్ విమానంతో ఎదుర్కొని అమరుడైన ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జీత్ సింగ్ సెఖోన్, అందరినీ ‘బ్రదర్’ అని పిలిచే అలవాటు వల్ల 18వ స్క్వాడ్రన్‌లో తానే ‘బ్రదర్’ అయ్యారు. ఆనాడు ఆయనతోపాటు పైకెగిరిన ఘుమన్‌ను ‘జీ-మ్యాన్’ అనేవారు. వాయుసేనలో పరమవీర చక్ర పొందినది సెఖోన్ ఒక్కరే. అమెరికా నౌకాదళంలోనైతే కొత్తవారు చేసిన పొరపాటే తరచుగా పేరైపోతుంది, వద్దని గొణిగినవారికి అంతకంటే ఇబ్బందికరమైనది తగులుకుంటుంది. మావాడు విశాఖ కుర్రాడు కనుక ఎవరితో మాట్లాడినా ‘గురూ’ అని మొదలుపెట్టేవాడు. తెలుగు రాని సహచరులు వాడికి ‘గురు’ అనే పేరే ఖాయం చేశారు.

ముదురు నీలం గుడ్డపై బంగారు రంగు దారంతో రెక్కలు, వాటి కింద పేరు కుట్టారు. ఒక్కో ఈకకూ దారం వాలు మార్చినందువల్ల వెలుతురు పడినప్పుడు ఈకలన్నీ విడివిడిగా కనిపిస్తున్నాయి. వెనుక వెల్‌క్రోను జిగురుతో అతికించి వదిలేయకుండా చుట్టూ కుట్టు వేశారు. చెమటకు తడిసి, పదేపదే ఉతుకు పడే దుస్తులకు ఇది తప్పనిసరి. రేడియోలో హోరు మధ్య చప్పున అందాలి కనుక ఇటువంటి పేర్లు సాధారణంగా పొట్టిగానే ఉంటాయి, అందువల్ల అక్షరాలను పెద్దవిగా, ఒత్తుగా కుట్టే వీలు కలిగింది.

ఒక ప్యాచ్‌కు అంచు కుట్టు మూలన వదులుగా ఉండగా, చూపగానే మారుమాట లేకుండా మళ్లీ కుట్టి ఇచ్చారు. చెప్పిన రోజుకు మాత్రం పని పూర్తి కాలేదు. సెలవు ముగించుకుని వెళ్లేవారికి ఇటువంటి ఆలస్యం నిజంగా కష్టమే, ఈ విషయంలో వారు మారాలి.

ఇతర పైలట్ల కోసం కుట్టినవి చూపమని అడిగితే, వారి పేర్లు బయటివారికి చూపకూడదని మర్యాదగా నిరాకరించారు. ఆ పట్టింపు నాకు ఎంతగానో నచ్చింది. ఒక్కో ప్యాచ్‌కు 150 రూపాయలు తీసుకున్నారు. స్క్వాడ్రన్ చిహ్నం కుట్టించదలచినవారు గుర్తింపు కార్డు చూపవలసి ఉంటుంది కనుక, ఆ పనికి పైలట్‌నే వెంటబెట్టుకుని వెళ్లడం మంచిది.