వేట విరామమా, పెద్ద కన్నుల వలా: చేప జాతికి ఏది మేలు?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరపడవలు కట్టేసి ఉంటాయి. తూర్పు తీరమంతటా అమలయ్యే ఈ 61 రోజుల నిషేధం ఎందుకు, వల కన్ను పెద్దది చేస్తే చాలదా అన్నది ఒక వాదన. పిల్లలు జారిపోతాయి, పెద్దవే పడతాయి, పడవ ఆగనక్కర్లేదు. వినడానికి బాగానే ఉంది. రేపటి చేపలకు తల్లులు ఎవరన్న దగ్గరే తిరకాసు.

పెద్ద కన్నుల వల వదిలేవి పసి పిల్లలనే కాదు, ఎదిగినా చిన్నగా ఉండిపోయినవాటినీ. వలకు ఆ తేడా తెలియదు. గబగబా పెరిగిన కోనాం చేప గుడ్లు పెట్టకముందే వేలానికి వస్తుంది. నిదానంగా పెరిగి, చిన్న ఒంటితోనే గుడ్లకు వచ్చేది సముద్రంలో మిగులుతుంది. ఆ గుణం ఏ కొంచెమైనా వంశంలో దిగేదైతే తరతరానికీ దాని సంతానమే పెరుగుతుంది. ఏ చేపా తనంతట తాను మారదు. మందలో పాళ్ళు మారతాయి. పరిణామమంటే అదే.

ఇది ఊహ కాదు. 2002లో వెలువడిన ఒక అమెరికన్ ప్రయోగంలో సిల్వర్‌సైడ్ అనే చిన్న చేపలను తొట్లలో పెంచారు. తరానికి 90 శాతం చొప్పున కొన్ని తొట్లలో పెద్దవాటిని, కొన్నిటిలో చిన్నవాటిని తీసేశారు. నాలుగు తరాలు తిరిగేసరికి, పెద్దవి పోయిన తొట్లలో చేప సగటు బరువు, చిన్నవి పోయిన తొట్ల చేపతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. 1992లో వేట ఆపేసిన కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ కాడ్ చేప కూడా అంతకుముందే చిన్న వయసులో, చిన్న సైజులో గుడ్లకు రావడం మొదలుపెట్టింది.

విరామానికి ఈ దోషం లేదు. ఆ రెండు నెలలూ చిన్నా పెద్దా అన్నిటికీ సెలవే. కాకపోతే అన్ని జాతులూ అప్పుడే గుడ్లు పెట్టవు. గడువు తీరగానే పడవలన్నీ ఒక్కసారే కడలి మీద పడతాయి. కూలీల పస్తుల సంగతి సరేసరి.

పిల్లలనూ బాగా పెద్దవాటినీ వదిలి నడిమివాటినే పట్టడం మూడో దారి. పెద్ద తల్లి పెట్టే గుడ్లు ఎన్నో రెట్లు కాబట్టి కొన్ని అధ్యయనాలు దీనికే మొగ్గుతాయి. గాలంతో పట్టేవారికి ఇది సాధ్యం. మరపడవ ఈడ్చే ట్రాలు వలలో పైకొచ్చేసరికి చాలావరకు చచ్చే ఉంటాయి, ఇక వదిలేదేమిటి?

నన్నడిగితే విరామానికే ఓటు. మరీ సన్న కన్నుల వలలను ఆపాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ విరామం ఎత్తేసి వల కన్నునే నమ్ముకోవడానికి ఒప్పుకోను. విరామానికి తోడు చేపలు చేరే కొన్ని తావులను ఏడాది పొడవునా వేటకు మూసేస్తే, ఏ సైజు తల్లికైనా అక్కడ చోటుంటుంది.