ఇంటి ముందే బిగించుకున్న 40 మిల్లీమీటర్ల లిఫ్ట్ కిట్: ఎనిమిది నెలల తర్వాత

దేవరకొండ నుంచి చందంపేట వైపు వెళ్లి తారు రోడ్డు దిగాక మా బత్తాయి తోటకు ఇంకా నాలుగు కిలోమీటర్ల బండ్ల బాట ఉంది. ఎర్ర చెలకల నడుమ సాగే ఆ బాటకు రెండు చోట్ల వర్రెలు అడ్డం వస్తాయి. వానాకాలంలో అవి కోసిన గండ్లు, ఎండాకాలంలో పైకి తేలిన బండరాళ్లు కలిసి నా 2018 మోడల్ ఇసుజు వి-క్రాస్ పికప్ ముందు బంపరు అంచును, తలుపుల కింది మెట్లను, వెనుక కొక్కేన్ని వరుసగా సొట్టలు పెట్టాయి. కంపెనీ కాగితాల ప్రకారం ఈ బండి గ్రౌండ్ క్లియరెన్స్ 225 మిల్లీమీటర్లు, అది తక్కువేమీ కాదు. అయితే ఇన్నేళ్లుగా ఎరువుల బస్తాలు, డ్రిప్పు పైపులు, బోరు మోటార్లు మోసీ మోసీ వెనుక కమాను పట్టీలు వంపు కోల్పోయాయి, తోక భాగం కిందికి వాలిపోయింది. ఎలాగూ కమాన్లు మార్చక తప్పదు గనుక, ఆ ఖర్చుకు మరికొంత కలిపి బండిని పైకి లేపే లిఫ్ట్ కిట్టే తెప్పించి, మా బామ్మర్ది సాయంతో రెండు రోజుల్లో ఇంటి ముందే బిగించుకున్నాను. ఆ తర్వాత బండి తొమ్మిది వేల కిలోమీటర్లు తిరిగింది.

కిట్ థాయిలాండ్‌లో తయారైంది. హైదరాబాదులోని ఒక అమ్మకందారు దగ్గర పన్నులతో కలిపి 1,18,000 రూపాయలు పడింది. ఆ అమ్మకందారుతో నాకొక పేచీ ఉంది కాబట్టి పేర్ల జోలికి పోను. ముందు చక్రాలకు స్ప్రింగుతో సహా బిగించి సిద్ధం చేసిన రెండు స్ట్రట్‌లు (స్ప్రింగు నడుమ నిలిచే షాక్ అబ్జార్బర్లు), వెనుకకు రెండు కమాను కట్టలు, రెండు షాక్ అబ్జార్బర్లు, కమాన్లను యాక్సిల్‌కు కట్టి ఉంచే కొత్త యూ బోల్టులు, కమాను కొసను ఛాసిస్‌కు కలిపే, గ్రీజు పట్టించే రంధ్రాలున్న ఇనుప లంకెలు (షాకిళ్లు), కీళ్ల దగ్గర రబ్బరుకు బదులు వేసే పాలీయురెథేన్ బుష్షులు అందులో ఉన్నాయి. స్ట్రట్‌లు విడిగా కాకుండా స్ప్రింగుతో బిగించి రావడమే, నా దృష్టిలో, ఇంట్లో పని చేసుకునేవారికి ఈ కిట్ చేసిన అతి పెద్ద మేలు. ఎందుకంటే స్ప్రింగును నొక్కిపట్టే పనిముట్టు సరైనది కాకపోతే అది జారి మనిషి ప్రాణం మీదికే వస్తుంది, అలాంటి పనిముట్టు మా చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేదు.

పది వేల లోపే దొరికే స్పేసర్లు, అంటే స్ట్రట్ నెత్తిన పెట్టే బిళ్లలు, ఎందుకు వేయించుకోలేదని చాలామంది అడిగారు. వి-క్రాస్ ముందు భాగంలో స్ట్రట్ కింది కొస చక్రం దగ్గర కాకుండా, చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే కింది ఆర్మ్ మధ్య భాగంలో ఆనుతుంది. అందువల్ల స్ట్రట్ నెత్తిన పెట్టిన 20 మిల్లీమీటర్ల బిళ్ల చక్రం దగ్గరికి వచ్చేసరికి దాదాపు రెట్టింపు ఎత్తు ఇస్తుంది. చూడటానికి అది లాభంగానే కనిపిస్తుంది కానీ, అలసిపోయిన పాత స్ప్రింగూ పాత షాకబ్జర్వరూ అలాగే ఉంటాయి. పైగా చక్రం గోతిలోకి దిగినప్పుడు ఆర్మ్ దాని హద్దు దాటి కిందికి జారి, ఆర్మ్ కొసన ఉండే గుండ్రటి కీలైన బాల్ జాయింట్‌నూ యాక్సిల్ జాయింట్‌నూ మునుపెన్నడూ లేని కోణంలోకి లాగుతుంది. బండి ఎత్తుగా కనిపిస్తే చాలు అనుకునేవారికి బిళ్లలు సరిపోతాయేమో గానీ రోజూ రాళ్లలో తిరిగే బండికి నేను వాటిని పెట్టను.

మరో అపోహ గురించి ఇక్కడే చెప్పాలి. సస్పెన్షన్ ఎంత లేపినా వెనుక యాక్సిల్ మధ్యనుండి ఇంజిను శక్తిని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ గుండు ఒక్క మిల్లీమీటరు కూడా పైకి రాదు, ఎందుకంటే అది చక్రాలతో పాటే నేల మీద నడుస్తుంది, దాన్ని లేపాలంటే పెద్ద టైర్లే వేయాలి. కిట్ లేపేది ఛాసిస్‌ను, డీజిల్ ట్యాంకును, బంపర్లను, మెట్లను. నాకు దెబ్బలు తగిలినవన్నీ అవే కావడం వల్ల కిట్ నా అవసరానికి సరిపోయింది. బాట మధ్యలో ఎత్తుగా నిలిచిన రాయి గుండుకు తగలడమే మీ ఇబ్బంది అయితే ఈ డబ్బు టైర్ల మీద పెట్టడం మేలు.

ఇక పని విషయానికి వస్తే, మొదటి రోజు పొద్దున్నే ఒక తప్పు చేశాం. మా ఇంటి ముందు పరిచినవి షాబాదు బండలు. ఛాసిస్ కింద పెట్టిన స్టాండు మీదికి బండి బరువు దిగగానే, దాని ఒక కాలి కింద బండ టప్పుమని విరిగి స్టాండు వేలెడంత ఒరిగింది. చక్రం ఇంకా విప్పలేదు, జాకీ ఇంకా తీయలేదు కాబట్టి ఏమీ కాలేదు. "బావా, పలకలు తెస్త ఆగు, చెయ్యి లోపల పెట్టకు" అని మా బామ్మర్ది కొట్టంలోకి పోయి రెండంగుళాల మందమున్న వేప పలకలు తెచ్చాడు. స్టాండులన్నీ పలకల మీదికి మార్చి, విప్పిన చక్రాలను కూడా ఛాసిస్ కింద అడ్డంగా పడుకోబెట్టిన తర్వాతే పని సాగించాం. బండల మీద గానీ మట్టి నేల మీద గానీ చేసేవారు పలకలు లేకుండా మొదలుపెట్టకూడదు.

ముందు భాగంలో విప్పాల్సినవి ఎక్కువేమీ లేవు. మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీకి ఉండే స్టెబిలైజర్ లింకు, బ్రేకు గొట్టాన్నీ ఏబీఎస్ తీగనూ పట్టి ఉంచే క్లిప్పులు, పై బాల్ జాయింట్ నట్టు, స్ట్రట్ నెత్తిన ఉండే మూడు నట్లు, కింద ఒక పొడవాటి బోల్టు, అంతే. స్ట్రట్ నడినెత్తిన ఉండే నాలుగో నట్టును మాత్రం ముట్టకూడదు, లోపల బిగదీసి ఉన్న స్ప్రింగును పట్టి ఉంచేది అదే. మాకు రెండు గంటలు తిన్నది పై బాల్ జాయింట్. ముందు రోజు రాత్రే తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచినా అది కదలలేదు. గడ్డపారతో ఎత్తిపెడితే రబ్బరు తొడుగు చిరుగుతుందని, మల్లేపల్లిలో ట్రాక్టర్లు బాగుచేసే అన్నకు ఫోన్ చేశాం. నట్టును పూర్తిగా తీయకుండా నాలుగు చుట్లు వదులు చేసి ఉంచి, జాయింటు కూర్చున్న ఇనుప చెవి పక్క భాగాన్ని సమ్మెటతో గట్టిగా కొట్టమని ఆయన చెప్పాడు. మూడో దెబ్బకు అది తనంతట తానే ఊడి నట్టు మీదికి జారింది. అది ఊడిన వెంటనే చక్రం మొదలు బయటికి వాలిపోతుంది కాబట్టి, దాని బరువు బ్రేకు గొట్టం మీద పడకుండా, లోపలి యాక్సిల్ జాయింటు ఊడిరాకుండా ఇనుప తీగతో ఛాసిస్‌కు కట్టి ఉంచాలి.

రెండో రోజు వెనుక భాగం సులువుగానే సాగింది గానీ అక్కడే మరో పొరపాటు జరిగింది. కమాను కట్టలు రెండూ ఒకటి కాదు. బండి బరువు రెండు వైపులా సమానంగా పడదని తయారీదారు ఒక కట్టకు వంపు కొద్దిగా ఎక్కువ ఇచ్చాడు. డ్రైవర్ వైపు ఏది, క్లీనర్ వైపు ఏది అనే గుర్తు ఇనుము మీద కాకుండా పైన చుట్టిన ప్లాస్టిక్ కాగితం మీద అంటించి ఉంది, ఆ కాగితాన్ని మా పిల్లవాడు పొద్దున్నే పొయ్యిలోకి పంపాడు. మేం తారుమారుగా బిగించాం. సాయంత్రం బండి దించి చూస్తే ఒకవైపు 12 మిల్లీమీటర్లు ఒరిగి ఉంది, మళ్లీ అన్నీ విప్పాల్సి వచ్చింది. ఇంత ధర పెట్టిన వస్తువు మీద గుర్తును రంగుతోనైనా వేయకపోవడం తయారీదారు చేసిన లోపమే. యూ బోల్టుల విషయంలో మాత్రం కిట్‌ను మెచ్చుకోవాలి. ఒకసారి పూర్తిగా బిగించిన యూ బోల్టు సాగిపోతుంది కాబట్టి పాతవాటిని మళ్లీ వాడకూడదు, వీళ్లు సరైన పొడవున్న కొత్తవే ఇచ్చారు.

ముందు ఆర్మ్‌ల రబ్బరు బుష్షుల బోల్టులను చక్రాలు గాలిలో ఉండగా పూర్తిగా బిగించకూడదనే సంగతి కిట్‌తో వచ్చిన కాగితంలో ఒకే ఒక్క వాక్యంగా ఉంది, అది పెద్ద అక్షరాల్లో ఉండాల్సింది. ఆ బుష్షుల్లో రబ్బరు లోపలి గొట్టానికి అతుక్కుని ఉంటుంది. వేలాడుతున్నప్పుడు బిగిస్తే బండి దించగానే రబ్బరు మెలిపడి, ఎప్పటికీ అదే మెలికలో ఉండి కొద్ది నెలల్లోనే చీలుతుంది. బండిని నేల మీదికి దించి, రెండుసార్లు ముందుకూ వెనుకకూ జరిపి, బరువు సర్దుకున్నాక మేం బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో చివరి బిగింపు చేశాం. చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు అంచు వరకు టేపు పెట్టి కొలిస్తే ముందు 43, వెనుక 46 మిల్లీమీటర్లు లేచింది. నేల నుంచి కొలిస్తే టైరులో గాలి ఎక్కువ తక్కువలను బట్టి లెక్క మారుతుంది, అందుకే ఇలా కొలవాలి.

మరునాడు నల్లగొండకు అలైన్‌మెంట్ కోసం వెళ్లే అరవై కిలోమీటర్లూ స్టీరింగు తేలిపోతూ ఉంది, నలభై దాటి నడపలేదు. ముందు భాగం లేస్తే క్యాస్టర్ కోణం, అంటే స్టీరింగు తిప్పినప్పుడు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం, తగ్గుతుంది, అది తగ్గితే స్టీరింగు తనంతట తాను నిటారుకు రాదు. మొదటి దుకాణంలో టో, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో చూసే కోణం, మాత్రమే సరిచేసి డబ్బు తీసుకున్నారు. క్యాస్టర్ సంగతి అడిగితే ఈ బండికి అది రాదన్నారు. నిజానికి కింది ఆర్మ్ దగ్గరి క్యామ్ బోల్టులు తిప్పితే అది వస్తుంది. రెండో దుకాణంలో కుర్రవాడు ఆ బోల్టులు చూపించి, గంటన్నర కూర్చుని, సరిచేయక ముందూ సరిచేశాకా ఉన్న కోణాల లెక్కల కాగితం చేతికిచ్చి 1,400 తీసుకున్నాడు. తిరుగు ప్రయాణంలో బండి గీత గీసినట్టు నడిచింది.

నా అసలు ఫిర్యాదు వెనుక కమాన్ల గురించి. ఇటువంటి కిట్లలో వెనుక కట్టలు ఎప్పుడూ మోసే బరువును బట్టి రకరకాలుగా వస్తాయి. నేను ఆర్డరు ఇచ్చేటప్పుడు నా బండి వారంలో ఐదు రోజులు ఖాళీగానే తిరుగుతుందని, మిగతా రెండు రోజులు నాలుగు యూరియా బస్తాలు, అంటే 180 కిలోలు, ఎక్కుతాయని స్పష్టంగా చెప్పాను. "పికప్ అంటేనే బరువు కదా సార్, తర్వాత మీరే బాధపడతారు" అని అమ్మకందారు 300 కిలోల నిలకడ బరువుకు చేసిన కట్టలు అంటగట్టాడు. నిలకడ బరువు అంటే తొట్టి మీద రేకు కప్పు, పనిముట్ల పెట్టెల వంటివి ఎప్పుడూ బండి మీదే ఉండటం, అప్పుడప్పుడూ ఎక్కే బస్తాలు కావు. ఆ తేడా ఆయనకు తెలియకపోదు. ఫలితంగా ఖాళీ బండి ప్రతి స్పీడ్ బ్రేకరు మీదా గాడిద తన్నినట్టు తన్నేది, వెనుక సీట్లో కూర్చున్న మా అమ్మ ఒకసారి నెత్తి పైకప్పుకు తగిలి నెల రోజులు బండి ఎక్కలేదు. మార్చి ఇమ్మంటే వాడిన సరుకు వెనక్కి తీసుకోబోమన్నారు. చివరికి మల్లేపల్లి అన్నే నడిమి బోల్టు విప్పి, ఒక్కో కట్టలోంచి ఒక్కో పట్టీ తీసేశాడు. వెనుక ఎత్తు 11 మిల్లీమీటర్లు తగ్గింది, నడక మాత్రం పాత బండి కంటే మెత్తబడింది. వర్రె దిగేటప్పుడు బండి తల ఊగకుండా ఒక్క ఊపుకే నిలబడుతోంది, ఆ ఘనత కొత్త షాకబ్జర్వర్లదే.

కొనాలనుకునేవారు మరికొన్ని చిన్న సంగతులు చూసుకోవాలి. బండి లేచిన తర్వాత హెడ్‌లైట్ల వెలుగు ఎదుటివారి కళ్లలో పడుతుంది, గోడ మీద వెలుగు వేసి స్క్రూలతో కిందికి దించుకోవాలి. మైలేజీ నాకు లీటరుకు అర కిలోమీటరు తగ్గింది. పాలీయురెథేన్ బుష్షులకు మూడు నెలలకోసారి గ్రీజు పట్టించకపోతే ఎండ్లబండి ఇరుసులా కిర్రుమంటాయి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగానే చెప్పింది. అందుకే నేను కిట్ కొనకముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి జవాబు తీసుకుని ఉంచుకున్నాను. ఆ పని చేయకుండా బిగిస్తే ప్రమాదం జరిగిన రోజున పరిహారం చిక్కుల్లో పడవచ్చు.

యూ బోల్టులను ఐదు వందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ బిగించినప్పుడు ఒక్కోటి పావు చుట్టు తిరిగాయి, ఆ తర్వాత కదల్లేదు. మొన్నటి వానల్లో వర్రె దిగుతుంటే ఎప్పుడూ బంపరు గీరుకునే రాయి ఈసారి తగలలేదు. ఇదే కిట్ మళ్లీ కొంటాను గానీ తేలిక కమాన్లతోనే, వేరే అమ్మకందారు దగ్గరే. తీసేసిన రెండు పట్టీలకు గ్రీజు పూసి గోనెసంచిలో చుట్టి కొట్టంలో పెట్టాను. బత్తాయి ధర బాగుండి ఎప్పుడైనా తొట్టి మీద రేకు కప్పు కట్టించుకుంటే, ఆ బరువుకు అవి మళ్లీ ఎక్కుతాయి.