అమెరికాలో పట్నం ఓటు, పల్లె ఓటు ఎందుకు వేరు? మూడు కారణాల్లో ఏది నిలుస్తుంది?

2024 అధ్యక్ష ఎన్నికలో అమెరికా గ్రామీణ ఓటర్లలో 69 శాతం రిపబ్లికన్ అభ్యర్థి ట్రంప్‌కు వేశారు, 29 శాతం డెమోక్రాట్ అభ్యర్థి కమలా హారిస్‌కు. నగరాల్లో లెక్క తిరగబడింది: హారిస్‌కు 65, ట్రంప్‌కు 33. నిజంగా ఓటేసింది ఎవరో రికార్డులతో సరిచూసి ప్యూ రీసెర్చ్ సెంటర్ తేల్చిన అంకెలివి. టీవీల్లో చూపించే ఎర్ర (రిపబ్లికన్) రాష్ట్రాలు, నీలి (డెమోక్రాట్) రాష్ట్రాలు అన్న మ్యాప్‌లో ఈ సంగతి సగమే కనబడుతుంది. టెక్సస్ అంతా ఎరుపే అనుకుంటాం కానీ డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్, శాన్ ఆంటోనియో ఉన్న కౌంటీలన్నీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) హారిస్‌కే మొగ్గాయి. అక్కడ స్థిరపడ్డ మన తెలుగువాళ్లకు ఇది రోజూ కనిపించే విషయమే. కారులో ఓ రెండు గంటలు ఊరి బయటికి వెళ్తే ఇళ్ల ముందు పాతిన బోర్డుల మీద పార్టీ పేరు మారిపోతుంది.

ఎందుకిలా అని అడిగితే మామూలుగా మూడు జవాబులు వస్తాయి. ఒకటి, అక్కడి జనమే వేరు. రెండు, అక్కడి బతుకుతెరువు వేరు. మూడు, పార్టీలే మారిపోయాయి. మూడింటిలోనూ నిజం ఉంది. కానీ మూడూ సమానం కావు. ఏది ఎక్కువ బరువు మోస్తుందో తేల్చుకోకపోతే ఎన్నికల తర్వాత వచ్చే ప్రతి విశ్లేషణా సరైనదే అనిపిస్తుంది.

ముందు ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. ఈ చీలిక అనాదిగా ఉన్నది కాదు. జార్జియాలోని ప్లెయిన్స్ అనే చిన్న ఊరి వేరుశెనగ రైతు, డెమోక్రాట్ జిమ్మీ కార్టర్ 1976లో గెలిచింది దక్షిణాది పల్లె ఓట్ల అండతోనే. 1996లో బిల్ క్లింటన్ దేశంలోని మూడు వేల పైచిలుకు కౌంటీల్లో దాదాపు సగం, అంటే సుమారు 1,500 గెలుచుకున్నాడు. 2020లో బైడెన్‌కు 8 కోట్లకు పైగా ఓట్లు వచ్చాయి. అప్పటివరకు ఎవరికీ అన్ని రాలేదు. అయినా ఆయన గెలిచిన కౌంటీలు 500 పైచిలుకే. అంటే ఈ పాతికేళ్లలో డెమోక్రాట్ల ఓట్లు పెరిగాయి, వాటి విస్తీర్ణం మాత్రం నగరాల చుట్టూ కుంచించుకుపోయింది. కాబట్టి ఏ కారణం చెప్పినా అది ఈ మార్పుకు జవాబివ్వాలి. ఇప్పుడు ఎవరు ఎటు ఉన్నారో చెబితే చాలదు.

మొదటిది చాలామంది నోట వినిపించేది. నగరాల్లో నల్లజాతి వారు, లాటినోలు, ఆసియా మూలాల వారు, కాలేజీ డిగ్రీ ఉన్నవారు, పెళ్లి కాని యువత ఎక్కువ. పల్లెల్లో తెల్లవారు, వయసు మళ్లినవారు, ఆదివారం చర్చికి వెళ్లేవారు ఎక్కువ. అందుకే ఓటు వేరు అంటారు. దీనికి గట్టి సాక్ష్యం అలబామా, మిసిసిపి రాష్ట్రాల మీదుగా సాగే ‘బ్లాక్ బెల్ట్’. టస్కీగీ పట్టణం ఉన్న మేకన్ కౌంటీ పల్లె ప్రాంతమే, పేద ప్రాంతమే. అయినా నల్లజాతి వారు అత్యధికంగా ఉండటంతో అక్కడ డెమోక్రాట్లదే భారీ మెజారిటీ. అంటే పల్లెలో పుట్టినంత మాత్రాన రిపబ్లికన్ అయిపోరు.

అయితే ఈ వాదన ఎంతవరకు నిలుస్తుందో చూడాలంటే రెండు చిన్న రాష్ట్రాలను పక్కపక్కన పెట్టాలి: వెస్ట్ వర్జీనియా, వెర్మాంట్. రెండూ కొండ ప్రాంతాలే. రెండింటిలోనూ పది మందిలో తొమ్మిది మంది తెల్లవారే. రెండూ వయసు పైబడుతున్న రాష్ట్రాలే, పెద్ద నగరమన్నది రెండింటిలోనూ లేదు. 2020 జనగణన ప్రకారం దేశంలో గ్రామీణ జనాభా శాతం అన్నిటికన్నా ఎక్కువున్నది వెర్మాంట్‌లోనే. ఈ రోజు వెస్ట్ వర్జీనియా 55 కౌంటీలూ ట్రంప్‌వి. వెర్మాంట్ మాత్రం వామపక్ష సెనేటర్ బెర్నీ శాండర్స్ రాష్ట్రం, హారిస్‌కు 60 శాతానికి పైగా ఇచ్చింది. ఇక 1988కి వెళ్లి చూడండి. ఆ ఏడాది వెర్మాంట్ రిపబ్లికన్ జార్జ్ బుష్‌కు వేసింది, వెస్ట్ వర్జీనియా డెమోక్రాట్ డుకాకిస్‌కు వేసింది. సరిగ్గా తలకిందులు. ఇంకా వెనక్కి వెళ్తే, 1936లో డెమోక్రాట్ రూజ్‌వెల్ట్ ప్రభంజనానికి ఎదురు నిలిచినవి రెండే రాష్ట్రాలు. ఒకటి మెయిన్, రెండోది వెర్మాంట్.

రెండు చోట్లా జనం రంగు మారలేదు, కొండలు మారలేదు. ఓటు మారింది. వెర్మాంట్‌లో చదువుకున్నవారు ఎక్కువ, చర్చికి వెళ్లేవారు తక్కువ, వెస్ట్ వర్జీనియాలో దీనికి వ్యతిరేకం అని ఎవరైనా అనొచ్చు. నిజమే, ఆ తేడా చిన్నది కాదు. కానీ 1988లో డిగ్రీ లేని గని కార్మికుడు డెమోక్రాట్‌కే వేశాడు. ఆ రోజుల్లో డిగ్రీ ఉన్న తెల్లవారు రిపబ్లికన్ల వైపే ఎక్కువగా ఉండేవారు. చదువు, మతం, వయసు వాటంతటవే ఓటు వేయవు. ఏ లక్షణం ఏ పార్టీ వైపు లాగుతుందన్నది కాలాన్ని బట్టి మారింది. ఎందుకు మారిందో ఈ మొదటి వాదన చెప్పలేదు.

రెండోది బతుకుతెరువు. ఇది మార్పును పట్టించుకుంటుంది కాబట్టి నాకు మొదటిదానికన్నా నచ్చుతుంది. మహా మాంద్యం కాలంలో పల్లె అమెరికాకు ప్రభుత్వమంటే కరెంటు, పంటకు ధర. 1933లో వచ్చిన వ్యవసాయ సర్దుబాటు చట్టం, అదే ఏడాది మొదలైన టెనెసీ వ్యాలీ అథారిటీ, 1935 నాటి గ్రామీణ విద్యుదీకరణ సంస్థ రైతుల్లో ఒక తరాన్ని డెమోక్రాట్లను చేశాయి. 1980లలో అప్పులు తీర్చలేక పొలాలు వేలానికి వెళ్తుంటే ఆ కోపంలో అయోవా 1988లో డెమోక్రాట్లకు వేసింది. ఆ తర్వాత 1994లో కెనడా, మెక్సికోలతో వాణిజ్య ఒప్పందం నాఫ్టా అమల్లోకి వచ్చింది. 2001 చివర్లో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. చిన్న పట్టణాల్లో బట్టల మిల్లులు, ఫర్నిచర్ ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. కొత్త ఉద్యోగాలు పెద్ద నగరాల చుట్టూ పోగయ్యాయి. 2020లో బైడెన్ గెలిచిన ఆ కొద్ది కౌంటీలే దేశ ఉత్పత్తిలో సుమారు 70 శాతం ఇస్తున్నాయని బ్రూకింగ్స్ సంస్థ లెక్క కట్టింది.

ఈ వాదనకు డబ్బుతో పాటు మర్యాద అనే కోణం కూడా ఉంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన కేథరిన్ క్రామర్ ఏళ్ల తరబడి ఆ రాష్ట్రంలోని చిన్న ఊళ్లు తిరిగి, పొద్దున్నే గ్యాస్ స్టేషన్లలో, టిఫిన్ హోటళ్లలో కాఫీకి చేరే జనం మాటలు కూర్చుని విన్నారు. మాకు రావాల్సిన డబ్బు రావడం లేదు, నిర్ణయాలు రాజధాని మాడిసన్‌లో, పెద్ద నగరం మిల్వాకీలో జరుగుతాయి, పైగా వాళ్లకు మా బతుకంటే గౌరవం లేదు. ఆమెకు పదేపదే వినిపించింది ఇదే. ఆ రాష్ట్రం నైరుతి మూలలో ఒబామాకు రెండుసార్లు వేసిన పల్లె కౌంటీలు 2016లో ట్రంప్ వైపు తిరిగినప్పుడు ఈ మాటలు ఎంత లోతైనవో అర్థమైంది.

కానీ ఇక్కడా ముడి విడదు. వెస్ట్ వర్జీనియాలో బొగ్గు ఉద్యోగాలు పోవడం మొదలై చాలా కాలమైంది. 1940లలో లక్షకు పైగా ఉన్న గని కార్మికుల సంఖ్య యంత్రాలొచ్చాక పడిపోతూనే ఉంది. ఆ కష్టకాలంలో చాలావరకు వాళ్లు డెమోక్రాట్లతోనే ఉన్నారు. విడిపోయింది 2000లో. మరోవైపు చమురుతో డబ్బు చేరిన నార్త్ డకోటా కూడా అంతే గట్టిగా రిపబ్లికన్ అయింది. పేదరికమే కారణమైతే బ్లాక్ బెల్ట్ ఎప్పుడో తిరగబడాలి. 2022లో బైడెన్ ప్రభుత్వం తెచ్చిన చట్టంలో గ్రామీణ విద్యుత్తుకు పెద్ద మొత్తం కేటాయించారు. పల్లె కరెంటు మీద 1930ల తర్వాత ఇంత పెట్టుబడి లేదని ప్రభుత్వం చెప్పుకుంది. రూజ్‌వెల్ట్‌కు ఓట్లు తెచ్చిన పనే ఇది. ఈసారి ఓట్లు రాలేదు. డబ్బు ఒక్కటే లెక్కయితే కొంచెమైనా కదలాలి కదా.

అందుకే నేను మూడోదానికి ఎక్కువ మార్కులు వేస్తాను: పార్టీలు జాతీయమైపోయాయి. ఒకప్పుడు డెమోక్రాట్ అంటే ఊరికో రకం. వెస్ట్ వర్జీనియాలో గని కార్మికుల యూనియన్ మనిషి, మిన్నెసోటా పొలాల్లో రైతు మనిషి, న్యూయార్క్‌లో ఇంకో రకం. వెర్మాంట్ రిపబ్లికన్‌కు, టెక్సస్ రిపబ్లికన్‌కు పోలికే ఉండేది కాదు. తుపాకులు, అబార్షన్, వాతావరణం లాంటి విషయాల మీద ప్రతి పార్టీకీ దేశమంతటా ఒకే గొంతు వచ్చేసరికి, తమ ఊరికి సరిపడని గొంతు ఉన్న పార్టీని జనం ఒక్కొక్కరుగా వదిలేశారు. 1994లో క్లింటన్ దాడి ఆయుధాల (సైనిక తరహా తుపాకుల) మీద నిషేధం తెచ్చాడు, ఆ ఏడాదే ఆయన పార్టీ ప్రతినిధుల సభను పోగొట్టుకుంది. 2000లో డెమోక్రాట్ అభ్యర్థి అల్ గోర్ వెస్ట్ వర్జీనియాను కోల్పోయాడు. అధ్యక్షుడిని తేల్చేది రాష్ట్రాల వారీ ఎలక్టోరల్ ఓట్లు; ఆ రాష్ట్రానికున్న 5 వచ్చి ఉంటే ఫ్లోరిడా ఓట్ల లెక్కింపు గొడవతో పని లేకుండానే ఆయన అధ్యక్షుడయ్యేవాడు.

ఈ మార్పు ఒక్కరోజులో జరగలేదు, పైనుంచి కిందికి మెల్లగా దిగింది. అదే నాకు అన్నిటికన్నా బలమైన సాక్ష్యం. అధ్యక్ష పదవికి రిపబ్లికన్‌కు వేస్తూనే, కింద తమకు తెలిసిన డెమోక్రాట్‌ను జనం చాలా ఏళ్లు మోశారు. 2011 జనవరి వరకు నార్త్ డకోటా పార్లమెంటు సభ్యులు ముగ్గురూ డెమోక్రాట్లే. 2016లో వెస్ట్ వర్జీనియా ట్రంప్‌ను 42 పాయింట్ల తేడాతో గెలిపించిన రోజే జిమ్ జస్టిస్ అనే డెమోక్రాట్‌ను గవర్నర్‌గా ఎన్నుకుంది. ఏడాది తిరగకుండానే ఆయన రిపబ్లికన్లలో చేరిపోయాడు. పశ్చిమ మిన్నెసోటా పొలాల నియోజకవర్గం నుంచి కాలిన్ పీటర్సన్ ముప్పై ఏళ్లు సభలో ఉన్నాడు. అబార్షన్‌కు వ్యతిరేకి, తుపాకుల హక్కుకు మద్దతుదారు. ఓడిపోయే నాటికి వ్యవసాయ కమిటీకి ఛైర్మన్. రైతుకు ఇంతకంటే పనికొచ్చే మనిషి ఉండడు. 2020లో ఆయన్నీ ఓడించారు, ఎందుకంటే ఆయన పేరు పక్కన ఉన్న అక్షరం ‘డి’. కెంటకీలోని ఎలియట్ కౌంటీ ఏర్పడినప్పటి నుంచి 2012 వరకు ప్రతి అధ్యక్ష ఎన్నికలో డెమోక్రాట్‌కే వేసింది. 2016లో ట్రంప్‌కు 70 శాతం ఇచ్చింది.

అదే సమయంలో స్థానిక అభ్యర్థిని జనానికి దగ్గర చేసే వ్యవస్థలు కూలిపోయాయి. 2005 తర్వాత దేశంలో మూడింట ఒక వంతుకు పైగా వార్తాపత్రికలు మూతపడ్డాయి, వాటిలో చాలావరకు చిన్న ఊళ్ల వారపత్రికలే. యూనియన్ హాళ్లూ ఖాళీ అయ్యాయి. ఊరి రాజకీయాన్ని ఊరి కంటితో చూపించేవాళ్లు పోయాక మిగిలింది కేబుల్ టీవీ, ఫోన్ స్క్రీన్. అక్కడ కనిపించే ప్రతి డెమోక్రాట్ శాన్‌ఫ్రాన్సిస్కో మనిషే. నగరవాసికి కనిపించే ప్రతి రిపబ్లికన్ కూడా ఒకే ముఖం.

వెర్మాంట్ దీన్ని అటువైపు నుంచి రుజువు చేస్తుంది. జాతీయ రిపబ్లికన్ పార్టీ దక్షిణాది వైపు, చర్చి వైపు జరిగాక వెర్మాంట్ దాన్ని వదిలేసింది. కానీ ఫిల్ స్కాట్ అనే తమ రిపబ్లికన్ గవర్నర్‌ను వదల్లేదు. 2024లో హారిస్‌ను గెలిపించిన ఓటర్లే ఆయనకు 70 శాతానికి పైగా ఇచ్చారు. ఆయన తమ రిపబ్లికన్, ఆ జాతీయ పార్టీ తమది కాదు. ఈ తేడాను చూడగలిగే ఊళ్లలో పల్లె-పట్నం చీలిక అంత కరకుగా లేదు.

మూడో వాదనకూ ఒక బలహీనత ఉంది. పార్టీలు ఎందుకు మారాయి అని అడిగితే మళ్లీ జనం దగ్గరికీ, డబ్బు దగ్గరికీ రావాలి. డిగ్రీలున్నవాళ్లు, విరాళాలిచ్చేవాళ్లు నగరాల్లో చేరడం వల్లే డెమోక్రాట్ల గొంతు మారింది. దక్షిణ టెక్సస్‌లోని స్టార్ కౌంటీ లాంటి చోట్ల ఏ వాదనా ఒంటరిగా సరిపోదు. జనాభాలో దాదాపు అందరూ లాటినోలే అయిన ఆ సరిహద్దు కౌంటీ 2024లో ట్రంప్‌కు వేసింది, అంతకుముందు వందేళ్లకు పైగా అక్కడ ఏ రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థీ గెలవలేదు.

చీలికను గట్టిపరిచేది ఎన్నికల పద్ధతి. చీలికను అది పుట్టించలేదు. ఒక నియోజకవర్గానికి ఒకే సభ్యుడు కాబట్టి నగరంలో 80 శాతం వచ్చినా ఒక్క సీటే. 2018లో విస్కాన్సిన్ అసెంబ్లీకి డెమోక్రాట్లకు మొత్తం ఓట్లలో సగానికి పైగా వచ్చాయి, 99 సీట్లలో దక్కినవి 36. హద్దులు గీసుకోవడంలో జరిగిన మాయ కొంత, ఓట్లు నగరాల్లో కుప్పగా ఉండటం కొంత. ఇలా సీట్లు ముందే ఖాయమైపోతే పల్లెలో డెమోక్రాట్, నగరంలో రిపబ్లికన్ పోటీకే రారు. ఎదుటి పార్టీ మనిషిని నేరుగా చూసే అవకాశం కూడా పోతుంది.

ఏ కారణాన్ని నమ్ముతామన్నదాన్ని బట్టి ఏం చేయాలన్నది మారుతుంది. అందుకే ఇది నాకు పండితుల చర్చగా అనిపించదు. జనమే వేరని నమ్మితే పల్లెల్ని వదిలేయడమే తెలివి అనిపిస్తుంది, డెమోక్రాట్ పార్టీ చాలా చోట్ల చేసింది అదే. డబ్బే కారణమని నమ్మితే నిధులు పంపి ఓట్ల కోసం ఎదురుచూస్తారు. పార్టీ ముద్రే అడ్డమని నమ్మితే ఊరివాళ్లకు తెలిసిన మనిషిని నిలబెట్టాలి. ఢిల్లీ మాట కాకుండా ఊరి మాట మాట్లాడాలని మన దగ్గర అంటారే, అలా ఆ మనిషి వాషింగ్టన్‌కు దూరంగా నడవాలి.

నెబ్రాస్కాలో ఆ ప్రయత్నం జరిగింది. 2021లో ఒమహాలోని కెల్లాగ్స్ ఫ్యాక్టరీ సమ్మెను నడిపిన మెకానిక్ డాన్ ఆస్బర్న్ 2024లో ఏ పార్టీ లేకుండా సెనేట్‌కు నిలబడ్డాడు. డెమోక్రాట్లు అభ్యర్థిని పెట్టలేదు. ఆ రాష్ట్రంలో హారిస్ సుమారు 20 పాయింట్ల తేడాతో ఓడింది, ఆస్బర్న్ 7 పాయింట్ల లోపు తేడాతో ఓడాడు. అదే బ్యాలెట్‌లో, జీతంతో కూడిన జబ్బు సెలవు ఇవ్వాలన్న ప్రతిపాదనకు 70 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. 2026లోనూ ఇండిపెండెంట్‌గా సెనేట్‌కు పోటీ చేస్తానని ఆయన ప్రకటించాడు. ఆ ఫలితం వచ్చినప్పుడు నేను ముందు చూసేది ఒమహా ఓట్లను కాదు, రాష్ట్రం పడమటి వైపు ఉన్న పశువుల పెంపకం కౌంటీల్లో ఆయనకూ అధ్యక్ష ఎన్నికలో హారిస్‌కూ మధ్య తేడా ఎంత ఉందన్నది.